కళ్ళములో పాట: కొల్లూరు సీమయందు కుటుంబభూమిపై జానపద గానసభ

కృష్ణానది పడమటి యొడ్డున, భట్టిప్రోలు స్తూపమునకు అనతిదూరమున నున్న కొల్లూరు, పండితలోకమున నొక పొరపాటువలన తఱచుగా వినబడుచుండును. గోలకొండ సుల్తానుల కాలమున వజ్రములు దొరకిన కొల్లూరు ఇదియే యని కొందఱు వ్రాయుచున్నారు. ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే వర్ణించిన వజ్రపు గనుల కొల్లూరు పల్నాటి దిక్కున కృష్ణయొడ్డుననే యుండిన వేఱొక యూరు. అది పులిచింతల జలాశయమున మునిగినది. మన కొల్లూరు డెల్టా గ్రామము. ఒకప్పుడు గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలోనిది, 2022 ఏప్రిలు మొదలు బాపట్ల జిల్లాలోనిది. ఇచట వజ్రములు లేవు. మెట్టపల్లములలో వరియు మినుమును, లంకలలో అరటియు పసుపును కందయు గలవు. ఆ పైరులతో బాటు పెరిగిన పాటలు గలవు. ఆ పాటలను వాని చోటనే వినుటకై యొక కుటుంబము తన భూమిలో చిన్న సభ చేయదలచినచో నెట్లు చేయవలెను, అట్లే యేల చేయవలెను అనునది ఈ వ్యాసమునకు విషయము.

సాహిత్యపరిశోధనమునకు అంకితమైన పత్రికలో కళ్ళపు దొడ్డి ముచ్చట యెందులకని శంకించువా రుండవచ్చును. మన ఛందశ్శాస్త్రమే ఆ శంకకు సమాధానము చెప్పగలదు. క్రీ. శ. 848 నాటిదిగా నెంచబడు అద్దంకి పండరంగని శాసనమందలి పద్యము తరువోజ. ఆ తరువోజ దంపుళ్ళ పాటలనుండి శాసనమునకు ఎక్కినదని పెద్దలు పలువురు తలచిరి. పదుమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రము పర్వతప్రకరణమున శ్రీశైలయాత్రికుల శివరాత్రి జాగరణమును వర్ణించుచు, తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, వాలేశుపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు అని పేరుపేరున చెప్పెను. ఆ పేర్లలో కొన్ని నేటికిని సంక్రాంతి ముంగిళ్ళలో వినవచ్చును. కొన్నిటి స్వరూప మేదియో నిఘంటువులు గూడ చెప్పజాలవు. పేరు నిలిచి పాట పోవుట కిది నిదర్శనము. గ్రంథములు పేర్లను కాపాడినవి, పాటలను కాపాడలేదు.

పాటలను కాపాడిన దేమి యన్నచో, భూమి యనియే చెప్పవలసియున్నది.

ఏటి కావలనున్న కూచిపూడి ఇందుకు మొదటి దృష్టాంతము. గోలకొండ నేలిన అబుల్ హసన్ కుతుబ్‌షా (తానీషా, 1672–1687) భాగవతుల యాటను చూచి మెచ్చి ఆ గ్రామమును వారికి అగ్రహారముగా నిచ్చెనని ప్రతీతి. ప్రతీతిని శాసనముగా గొనరాదు. కాని దాని భావము గమనింపదగినది. బంగారు కడియము లీయలేదు, భూమి నిచ్చెను. కడియము ఒక గాయకునకు చెల్లును, భూమి వాని మనుమనికి గూడ చెల్లును. భూమితో బాటు ఆట గూడ వారసత్వముగా దిగి, వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి మున్నగు ఇంటిపేరులవారి కది ఇంటివిద్య యయ్యెను.

తెలుగువారు దక్షిణమునకు గొనిపోయిన భాగవతమేళమున గూడ ఇదే రీతి కానవచ్చును. తంజావూరు నేలిన అచ్యుతప్పనాయకుడు 510 బ్రాహ్మణకుటుంబములకు, ఇంటింటికిని ఇల్లును బావియు సేద్యభూమియు నిచ్చి నిలిపిన గ్రామము మెలట్టూరు అని చెప్పుదురు. అచట పద్దెనిమిది పందొమ్మిది శతాబ్దుల నడుమ జీవించిన వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకములు, చూపరులలో తెలుగు తెలిసినవారు అరుదైన యీ కాలమునను, వైశాఖమున నృసింహజయంతి వేళకు వరదరాజస్వామి కోవెలయెదుట ఆడబడుచున్నవి. ఆ సంప్రదాయము నడుమ ఆగి మఱల మొదలైనది. మఱల మొదలు పెట్టువారికి ఎప్పుడు, ఎచ్చట అని యోచింపవలసిన యగత్యము కలుగలేదు. తేదియు, వీథియు ముందే నిర్ణీతములై యుండెను. ఉత్సవమును నడపువా రెవరైనను దీనిని గుర్తుంచుకొనవలెను: సొమ్ము లేక యాగిన ఉత్సవము సొమ్ము దొరకినపుడు లేచును, తేది లేని యుత్సవము ఆగినపుడు ఆగినదని గూడ నెవరికిని తెలియదు.

అయితే ఈ రెండు గ్రామములకును కొల్లూరు పొలములకును ఒక పెద్ద భేదము గలదు. కూచిపూడిలో, మెలట్టూరులో పాడువాడే భూమి గలవాడు. కొల్లూరు చేలలో నాట్లపాట పాడిన స్త్రీలకు సాధారణముగా భూమి లేదు. వారు పాడిన మడి మఱియొకరిది. కుటుంబభూమిపై పాటల పండుగ యన్నప్పుడు, ఆ కుటుంబము భూమి గల కుటుంబమనియు, ఆ పాట భూమి లేనివారిదనియు మఱవకూడదు. ఈ భేదమును గుర్తింపక చేయు సభ యెంత సొగసుగా జరిగినను యజమాని ముంగిట కూలివారిచేత పాడించుకొనుటయే యగును. తెనాలి చుట్టుప్రక్కల ఈ మాటను మెల్లగా చెప్పుటకు వీలులేదు. 1991 ఆగస్టు 6వ తేదీన చుండూరులో ఎనమండుగురు దళితులు చంపబడిరి. వారిని తఱిమి చంపినది పొలములలోనే. ఆ చేల గట్టులపై సభ చేయువారు ఆ సంగతి నెఱిగి చేయవలెను.

భూమి లేని గాయకులకు మాత్రము భూమితో సంబంధము లేకుండెనా? ఉండెను. అది స్వామ్యము కాదు, హక్కు. పంట కళ్ళమునకు వచ్చినపుడు కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి మొదలగు వృత్తులవారికి ధాన్యము కొలిచి యిచ్చుటను మేర యనిరి. ఆ కళ్ళమునకే పిచ్చుకగుంట్లవారు వచ్చి వంశచరిత్రలు, పల్నాటి వీరుల కథలు పాడిరి. కొమ్ములవారు గొల్లలకు కాటమరాజు కథ చెప్పిరి. విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు ఉండిరి. ఇది యొక పద్ధతి. ఈ గాయకుడు ఈ కులమునకు, ఈ యూరికి, ఈ ఋతువునందు వచ్చును. వచ్చినవానికి గింజలు కొలువక పంపరాదు. వాడు యాచకుడు కాడు, బాకీ వసూలు చేసికొనువాడు. పాటకు కళ్ళమే రంగస్థలము, ధాన్యమే వేతనము, కుప్పనూర్పులే ముహూర్తము. చోటు, కాలము, కొలత అను మూడును ఒక్క చోట కుదిరియుండెను. కులభేదములతో నల్లుకొన్న ఆ పద్ధతిని మఱల తెమ్మని నా మతము కాదు; గాయకులను కళ్ళపు అంచుననే నిలిపిన పద్ధతి యది. కాని అందు గాయకుని హక్కు అను నొక మంచి గలదు, దానిని మాత్రము జాఱవిడువరాదు.

ఇది యెట్లు చెడినదో చెప్పుట కష్టము కాదు. దేవాలయములలో పాటకును ఆటకును వాద్యమునకును ఇనాములు గలవారి చరిత్ర వేఱు. వారి భూములనుగుఱించి కాగితములు గలవు. మదరాసు రాజధానిలో 1858లో నేర్పడిన ఇనాం కమీషను ఆ హక్కులను విచారించి పట్టీలలో నెక్కించెను. 1929 నాటి మదరాసు శాసనము దేవదాసీల ఇనాములను సేవాబంధమునుండి విడదీసెను. 1956 నాటి ఆంధ్ర ఇనాముల రద్దు చట్టము ఇనాములను రైతువారీ పట్టాలుగా మార్చెను. ఇందు న్యాయమెంత, నష్టమెంత అనునది వేఱు చర్చ. కళ్ళపు మేరకు మాత్రము ఏ కాగితమును లేదు. అందుచేత దానిని రద్దు చేయుటకు ఏ చట్టమును అక్కఱలేకపోయెను. వరికోత యంత్రము చేనిలోనే కోసి, నూర్చి, గింజలను బండిలో పోయుచున్నది. కళ్ళమే లేనప్పుడు కళ్ళమునకు వచ్చువా డెక్కడికి వచ్చును? కృష్ణా పశ్చిమ డెల్టాలో నారు పోయక విత్తులనే వెదజల్లు పద్ధతి హెచ్చుటచే, నాట్ల వరుసయు తగ్గినది; వరుస లేనిచోట వరుసపాట లేదు. యంత్రమును నిందించి ప్రయోజనము లేదు. నడుము వంచి దినమెల్ల నాటిన స్త్రీకి యంత్రము వచ్చుట దుఃఖము కాకపోవచ్చును. ఆమె కూలి పోవుట దుఃఖము.

ఇక సభ మాట. మొదట కాలమును నిర్ణయింపవలెను. డెల్టా వ్యవసాయము తెలియనివారు కోతలు కాగానే చేలు ఖాళీయగునని తలంతురు. ఇచట నట్లు కాదు. వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న పైరులోనే మినుములు చల్లుదురు. తడియారని నేలలో అవి మొలకెత్తి, వరి తీసిన పిదప మోళ్ళ నడుమ పెరుగును. ఇటీవల మినుమునకు పల్లాకు తెగులు హెచ్చినచోట్ల దున్నకయే మొక్కజొన్న వేయుచున్నారు. కావున మార్గశిరమున ఖాళీగా గనబడు చేను నిజముగా ఖాళీ కాదు. అందు వందలమందిని కూర్చుండబెట్టుట పంటను త్రొక్కించుటయే. సభకు తగినది కళ్ళపు దొడ్డి, గడ్డివాము ప్రక్కచోటు, లేదా మామిడితోట. లంకభూములు పెసర్లంక, పోతార్లంక దిక్కున విశాలముగా నున్నవి, ఇసుకనేల కూర్చుండుటకు మెత్తన. కాని కృష్ణకు వఱదవచ్చు శ్రావణభాద్రపదములనుండి ఆశ్వయుజము దాటువఱకు లంకను నమ్మరాదు. 2009 అక్టోబరులోను, 2019 ఆగస్టులోను, 2024 సెప్టెంబరులోను లంకలు మునిగినవి.

పుష్యమాసము సంక్రాంతికి గొబ్బిపాటలు, హరిదాసులు, ఊరికి మరలివచ్చిన బంధువులు గల కాలము. చాలమందికి అదియే తోచును. నాకు మాత్రము మాఘశుద్ధము మేలని తోచుచున్నది. పుష్యపు మంచులో తోలు వదులై గుమ్మెట మొద్దుగా పలుకును. వాయించువారు మాటిమాటికి దానిని మంటకు చూపుకొనవలసివచ్చును, కథ తెగుచుండును. మఱియు సంక్రాంతి మూడు దినములలో గాయకులకు తమ యిల్లు తమకుండును. పండుగనాడు వారిని మనయింటికి రప్పించుట మర్యాద కాదు. మాఘశుద్ధ నవమి మొదలు పున్నమివఱకు వెన్నెల యుండును, కుప్పనూర్పులు ముగిసియుండును, మినుము పీకుటకు ఇంకను వ్యవధి యుండును. శివరాత్రి జాగరణమునకు చిలుమూరు మున్నగు క్షేత్రములకు పోవువారికి గూడ అడ్డుగా నుండదు. ఒకసారి యెంచిన తిథిని మార్చకుండుట ముఖ్యము. ఆదివారమునకు జరుపుదుమా యని నగరవాసులైన కుటుంబీకు లడుగుదురు. తిథిని ఆదివారమునకు అప్పగించిననాడు అది పండుగ కాక సమావేశ మగును.

తరువాత అనుమతి. డెల్టాలో కుటుంబభూమి యనబడునది తఱచుగా కౌలుదారుని చేతిలో నుండును. పట్టా అన్నదమ్ముల పేర, సేద్యము వేఱొకనిది, కౌలు బస్తాలలో. అన్నదమ్ములందఱును సరేయన్న తరువాత కౌలుదారునకు తెలియజేయుట పరిపాటి. ఇది తలక్రిందులుగా చేయవలెను. మొదట కౌలుదారుని అడుగవలెను. గడ్డివాము వానిది, నిప్పు పడినచో నష్టము వానిది, గట్టు తెగినచో నీరు పోవునది వాని మడిలోనుండి. సభకై వాడు విడిచిన చోటునకు కౌలులో కొంత తగ్గించుట న్యాయము. దాయాదులలో నొకరికి ఇష్టము లేకున్నచో వారి భాగపు గట్టు దాటి చాప పఱచరాదు. పాటల సభనుండి పుట్టిన పొలము తగవు పాటకంటె దీర్ఘకాలము బ్రతుకును.

గాయకుల నెట్లు పిలువవలెను? ముందుగా పేరు గలవారిని పిలిచి పిదప ఊరివారిని చేర్చుట లోకరీతి. దానివలన ఊరివారు శ్రోతలుగా మిగులుదురు. ఆ పొలమునందే పనిచేసిన స్త్రీలలో పాటలు వచ్చినవా రెవరు, కోలాటము నెఱిగినవా రెవరు, చెక్కభజన బృందమునకు పెద్ద యెవరు అని మొదట తెలిసికొనవలెను. బుఱ్ఱకథవారిని, తోలుబొమ్మలవారిని తరువాత పిలువవచ్చును. పిలుచుట గూడ ఫోనులో గాక, ఇంటికి పోయి తాంబూలమిచ్చి పిలువవలెను; ఎవరి పేటకు కుటుంబములోని పెద్దలు ఇదివఱకు పోలేదో ఆ పేటకు ముందుగా పోవలెను.

నాట్లపాటలనుగుఱించి విశేషముగా చెప్పవలసియున్నది. ఆ పాటలలో నొకరు ఎత్తుకొనగా తక్కినవారు వంత పాడుదురు. చేయి వంగి నాటి లేచుటయే లయ. నిలుచుండి, చేతులు కట్టుకొని, సభవైపు చూచుచు పాడినప్పుడు ఆ లయ చెదరును, పాట నెమ్మదించును. ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. ఆ పాటలలో ఆసామి పిసినారితనమును, కూలి కొలతలోని మోసమును ఎత్తిపొడుచు చరణము లుండును. ఆసామి యింటివారు ముందు వరుసలో కూర్చున్నచో ఆ చరణములు రావు. పాట తెలిసినవారే తెలియనట్లు ఊరకుందురు. పండితుడు పుస్తకము విప్పి వ్రాసికొని, ఇదియే పూర్ణపాఠమని ప్రకటించును. నా సూచన యేమనగా: మొదటి జాము పాటలు స్త్రీలకే విడిచి, ఆతిథ్య మిచ్చు కుటుంబమువారు వంటల దగ్గఱ నుండవలెను. వడ్డించువాడు ముందు వరుసలో కూర్చుండడు గదా.

రాత్రి కథకు బుఱ్ఱకథయే ఈ సీమకు సహజము. నడుమ తంబుర పట్టిన కథకుడు, వేలికి అందెలు. ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలు, వారిలో నొకడు హాస్యమునకు, ఇంకొకడు లోకవ్యవహారమునకు. జంగముకథ, శారదకథల సంప్రదాయమునుండి వచ్చిన యీ రూపమును 1943లో నేర్పడిన ప్రజానాట్యమండలి సభాస్థలములకు తెచ్చెను. గుంటూరు జిల్లా పొన్నెకల్లున 1920లో పుట్టిన షేక్ నాజర్ దానిని తెలుగునా డంతటను వినిపించెను. ఆయనకు 1986లో పద్మశ్రీ బిరుదము వచ్చెను, 1997లో కీర్తిశేషుడయ్యెను. రెండవ వంత పని కథను ఆ దినపు సంగతులకు కలుపుట. నీటితీరువా, ఎరువుల ధర, కాలువ చివరి భూములకు నీరందకుండుట యిచట కథలోనికి వచ్చును. ఇది ఉబుసుపోక కాదు. కృష్ణకు 1852–1855 నడుమ బెజవాడవద్ద కట్టబడిన ఆనకట్టయే ఈ సీమను వరిసీమను చేసెను. 1957లో ప్రకాశం బారేజి దాని స్థానమునకు వచ్చెను. నీటితో వచ్చిన పంటకు నీటిమాట లేని కథ యెట్లుండును? కావున వంతకు ఇది పలుకుము, ఇది పలుకకుము అని చెప్పరాదు.

రాత్రియంతయు కథ జరుగుటకు నేడొక యడ్డు గలదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమములు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ధ్వనివర్ధకముల నిషేధించుచున్నవి; 2010 సవరణతో వాద్యములును అందు చేరినవి. సాంస్కృతిక, మతసంబంధ మహోత్సవములకు సంవత్సరమున 15 దినములు మించకుండ అర్ధరాత్రివఱకు సడలింపు నిచ్చు నధికారము రాష్ట్రప్రభుత్వమునకు గలదు. ఒక కుటుంబపు సభకు ఆ సడలింపు వర్తించునో లేదో ముందుగా విచారించి, లేదన్నచో సందెవేళనే మొదలు పెట్టి పదింటికి ముగించుటయే మార్గము. కథను కుదించుమని గాయకుని తొందరపెట్టుటకంటె మూడు రాత్రులకు పంచుట మేలు. పూర్వము గూడ పెద్దకథలను ఒక రాత్రిలో ముగించినవారు లేరు. పల్నాటి వీరుల స్మృతికై కారెంపూడిలో కార్తీకమున జరుగు ఉత్సవము సయితము రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు దినములుగా నడచుచున్నది. ఒక్కొక్క దినమునకు కథలో నొక్కొక్క ఘట్టము. వినువాడు నిన్నటి కథను తలచుకొనుచు నేడు వచ్చుటలో నొక రుచి గలదు.

మైకును గూర్చి యింకొక మాట. రెండు మూడు వందల మందికి గడ్డి పఱచి దగ్గఱగా కూర్చుండబెట్టినచో గాయకుని గొంతు చాలును. మైకు వచ్చినచో దూరమున కుర్చీలు వచ్చును. కుర్చీలు వచ్చినచో ముందు వరుస వచ్చును. ముందు వరుస వచ్చినచో అందు కూర్చుండవలసిన పెద్దలు, వారికి శాలువలు, ఉపన్యాసములు వచ్చును. కథకు గంట మిగులును. చిన్న సభ చిన్నదిగా నుండుటకు ఉపాయములలో మొదటిది మైకు లేకుండుట. అందఱును గడ్డిపైననే, ఒక్క పంక్తిగా. భోజనములకును ఒక్క పంక్తియే. ఈ రెండవ నియమమునకు ఇంటిలో నెవరైన ఒప్పుకొనకున్నచో ఆ సంవత్సరము సభ చేయకుండుట మంచిది.

ప్రతిఫలము ధాన్యరూపమున, రూకలరూపమున రెండు విధములను ఇవ్వవచ్చును. ముందుగా మాట్లాడినది మాట్లాడినట్లు, కథకు ముందే సగము చేతికి రావలెను. ప్రయాణపు ఖర్చు వేఱు. ఊరి స్త్రీలకు చీరలు పెట్టి సరిపెట్టుట చూచుచున్నాము. బుఱ్ఱకథ కథకునకు రూకలు, వారికి చీరయేల? వారికిని రూకలే యీయవలెను. ఆ దినపు కూలికి తక్కువ గాక, పాటకు వేఱుగా. ఈ లెక్కను ఒక చిట్టాలో వ్రాసి అందఱికి కనబడునట్లుంచినచో, వచ్చు సంవత్సరము తగ్గించుటకు మనకే సిగ్గగును. మేర యనునది ఇట్టి సిగ్గుపై నిలిచిన యాచారమే.

పండితులు చేయదగిన పనిని చివరకు ఉంచితిని. తెలుగు పాటలను సేకరించినవారి వరుస చిన్నది కాదు. సి. పి. బ్రౌను వీరగాథలను వ్రాయించెను, జె. ఎ. బాయిలు 1874లో ఇండియన్ యాంటిక్వెరీలో తెలుగు వీరగాథలను గుఱించి వ్రాసెను; నందిరాజు చలపతిరావు స్త్రీలపాటలను అచ్చు వేసెను; అక్కిరాజు ఉమాకాంతము పల్నాటి వీరచరిత్రమును 1911లో ప్రకటించెను; నేదునూరి గంగాధరము పల్లెపల్లెకు పోయి పాటలు కూర్చెను; బిరుదురాజు రామరాజు 1956లో జానపద గేయసాహిత్యముపై పరిశోధనవ్యాసమును సమర్పించెను. ఈ కృషివలననే నేడు మనకు పాఠములు గలవు. అయినను పాత సంపుటములలో నొక లోపము సామాన్యము: పాట యున్నది, పాడినవారి పేరు లేదు. మఱికొన్నిచోట్ల సంధి కలిపి, వ్యాకరణము దిద్ది, అశ్లీలమని చరణములు తీసివేసిరి. దిద్దబడిన పాట పండితుని పాట. కొల్లూరు కళ్ళమున పాఠశాలాపండితులు తమ విద్యార్థులను వెంట గొనిపోయి, విన్నది విన్నట్లు, నిలిచినచోట నిలిచినట్లు, వంతవారి ఊఁకొట్టుట గూడ విడువక వ్రాసికొనవచ్చును. పాడినవారి పేరు, ఊరు, ఎవరివద్ద నేర్చిరి, ఏ పని చేయుచు పాడుదురు అను నాలుగు విషయములును వారి యనుమతితో పాటపైనే వ్రాయవలెను. ధ్వనిముద్రణము చేసినచో నొక ప్రతిని వారికే యిచ్చి, వారు వలదన్న పాటను ఎవరికిని పంపరాదు. ఇంటి మంగళకార్యములకే విడిచిన పాట యొకటి యుండవచ్చును. కులపురాణములో బయటివారు వినగూడని ఘట్ట ముండవచ్చును. వానిని అడుగుట తప్పు కాదు. అడిగి కాదనిపించుకొన్న తరువాత మఱియొకరిచేత రాబట్టుట తప్పు.

పాఠాంతరములను గూడ పోగుచేయవలెను. దోనేపూడిలో పాడిన చరణము ఈపూరులో వేఱుగా నుండినచో ఒకటి శుద్ధమనియు, రెండవది అపభ్రంశమనియు నిర్ణయించుట తాళపత్రగ్రంథముల పరిష్కరణమునుండి మనకు వచ్చిన యలవాటు. వ్రాతప్రతికి మూల మొకటి యుండును, పాటకు పాడువా రెందఱో అన్ని మూలములు. ఈ సంగతిని నమ్ముట గ్రంథపరిష్కర్తలకు కొంచెము కష్టము. మూడు రాత్రులు గడ్డిపై కూర్చున్నచో సులభమగును.

మూడవ రాత్రి కథ ముగిసి మంగళహారతి పాడిన పిదప ధాన్యము కొలువవలెను. ఆ కొలత దీపముల వెలుగున, అందఱి యెదుట, గాయకుల చేతి కుంచముతోనే జరుగవలెను. తెల్లవారుసరికి పఱచిన గడ్డి నెత్తి వామునకు వేసి, పొయ్యిల నిప్పులను ఆర్పి, దొడ్డిని ఊడ్చి కౌలుదారునకు అప్పగింపవలెను. పక్షము దినములలో మినుము అచటికి వచ్చును.